కాగితం మీద సంతకం లేకపోయినా ఆ ఆర్డర్ ఒప్పందమే

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది వరంగల్ కొత్తవాడలో దరీలు, అంటే జంపఖానాలు, నేసే ఇల్లు. మీ నాన్నగారు, పక్కన ఇంకో నాలుగు మగ్గాల వాళ్లు నేసినవి మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముతున్నారు. బెంగళూరులో ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన ఒక నమూనా కొరియర్‌లో తెప్పించుకుని చూసి, 4x6 అడుగుల దరీలు 80 కావాలన్నారు. ఒక్కోటి 2,100 రూపాయలు, మొత్తం 1,68,000, సరుకు అందిన 10 రోజుల్లో బాకీ కట్టాలి అని మీరు మెసేజ్ పెట్టారు. ఆయన ఏమీ రాయకుండా బొటనవేలు ఎమోజీ ఒకటి పెట్టి, అరగంటలో యూపీఐలో 50,000 పంపారు. సరుకు ఫిబ్రవరి 10న అందింది. మార్చి 6న ఫోన్ చేసి "రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, మిగతా 1,18,000 ఇవ్వను. అగ్రిమెంట్ కాగితం ఏది? కేసు వేస్తే బెంగళూరులో వేసుకో" అన్నారు. ఇది కాక, మీరు ఆన్‌లైన్‌లో కొన్న లేబుల్ ప్రింటర్ వారానికే ఆగిపోయింది, ఆ సైట్ "నో రిటర్న్" అంటోంది.

చివర్లో "ఫోన్లో చేసుకునే బేరాలకు చట్టం వర్తించదేమో అన్నా" అని రాశారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వర్తిస్తుంది. మీ ఆర్డర్‌కు పూర్తిగా వర్తిస్తుంది. మగ్గం ముందు కూర్చుని నేసిన కూలి డబ్బును ఇంకొకరి మాటకు భయపడి వదిలేసుకోవద్దనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను 1999 నుంచి హన్మకొండ అదాలత్‌లో సివిల్ కేసులు చూస్తున్నాను. అప్పట్లో బాకీ తగాదా అంటే ప్రామిసరీ నోటో, ఖాతా పుస్తకమో, తక్‌పట్టీయో (మార్కెట్ యార్డులో ఇచ్చే తూకం, ధర చీటీ) సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్ నా చేతికిచ్చి "అంతా ఇందులోనే ఉంది సార్" అంటున్నారు. నిజమే, ఉంటుంది. కానీ ఏం ఒప్పుకున్నారో అందులో తేటగా ఉందా, రేపు జడ్జిగారి ముందు పెట్టడానికి అది మిగిలి ఉంటుందా అన్న రెండు ప్రశ్నల దగ్గరే కేసులు నిలబడతాయి, కూలిపోతాయి. ఒప్పందం ఉందా లేదా అన్న దగ్గర ఓడిన కేసు నాకు పెద్దగా గుర్తు లేదు.

ముందు ఆ కాగితం సంగతి. ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున జెండా పాట (ధర పలికే వేలం) ఎప్పుడైనా చూశారా? మిర్చికి ధర నోటితోనే పలుకుతారు. కాంటాలు, తక్‌పట్టీలు ఆ తర్వాతి పని. బేరం కుదిరింది ధరకు ఇద్దరూ ఒప్పుకున్న క్షణంలో. తక్‌పట్టీ దానికి రుజువు మాత్రమే. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 10వ సెక్షన్ అడిగేవి నాలుగే: ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారా, ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్లేనా, ఇచ్చిపుచ్చుకునేది ఏమైనా ఉందా, అది చట్టబద్ధమైన పనేనా. కాగితం, స్టాంపు, సంతకం ఉండి తీరాలని ప్రత్యేకంగా ఏదైనా చట్టం చెబితే తప్ప, మామూలు సరుకుల బేరానికి ఆ షరతు లేదు.

ఇక ఫోన్, ఈమెయిల్ విషయం. 2000లో వచ్చిన సమాచార సాంకేతిక (ఐటీ) చట్టానికి 2008 సవరణతో 10ఏ అనే సెక్షన్ చేర్చారు. ఒప్పందం ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో అది చెల్లదని అనకూడదు అని ఆ సెక్షన్ సారం. 2010లో సుప్రీంకోర్టు ముందుకు ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల కేసు వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో బాక్సైట్ తెప్పించే బేరమది. ఈమెయిళ్లలోనే అంతా మాట్లాడుకున్నారు, లాంఛనంగా రాసుకోవాల్సిన అగ్రిమెంట్ మీద సంతకాలు కాలేదు. ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో ఖరారైపోయాయి కాబట్టి ఒప్పందం కుదిరినట్టేనని కోర్టు తేల్చింది. ఓడల కొద్దీ ఖనిజానికి చెల్లిన సూత్రం మీ 80 దరీలకు చెల్లదా?

కొన్నింటికి మాత్రం ఇది పనికిరాదు. వీలునామా వాట్సాప్‌లో రాస్తే చెల్లదు. భూమి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటితో మీకిప్పుడు పని లేదు.

"ఆయన సరే అని కూడా రాయలేదు, ఎమోజీ పెట్టాడంతే" అని మీరు దిగులు పడ్డారు. కెనడాలో 2023లో సరిగ్గా ఇలాంటి గొడవే కోర్టుకెక్కింది. అవిసె గింజలు కొనే కంపెనీ ఒప్పందం ఫొటో ఫోన్లో పంపితే, రైతు బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకున్నాడు. సరుకు ఇవ్వలేదు. ఆ ఎమోజీ అంగీకారమేనని అక్కడి కోర్టు అంది. అది మన కోర్టులను కట్టిపడేసే తీర్పు కాదు. మీకు దాని అవసరమూ లేదు. ఎందుకంటే ఆయన ఎమోజీతో ఆగలేదు, డబ్బు పంపారు. మన కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనలో చెప్పిన పని చేసినా ఒప్పుకున్నట్టే. మీ మెసేజ్ కింద ఎమోజీ, దాని కింద అరగంటలో 50,000, ఆ తర్వాత సరుకు పంపాల్సిన చిరునామా. ఈ మూడూ వరసగా ఉన్న చాట్ కంటే గట్టి అంగీకారం చాలా స్టాంపు పేపర్లలో కూడా ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ 50,000 యూటీఆర్ (లావాదేవీ) నంబరు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు వాదన, రంగు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, అవతలి వకీలు పట్టుకునేది దీన్నే. నమూనా చూపించి అమ్మితే, పంపిన సరుకంతా ఆ నమూనాతో సరిపోలాలి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 17వ సెక్షన్ అదే చెబుతుంది. కాబట్టి పోల్చి చూడాల్సింది ఆయనకు కొరియర్‌లో పంపిన ముక్కతో. ఇన్‌స్టాగ్రామ్ ఫొటో రంగు ఒక్కో ఫోన్ తెర మీద ఒక్కోలా కనిపిస్తుంది. ఆయన ఫొటో చూసి కాదు, చేత్తో పట్టుకుని చూశాకే ఆర్డర్ ఇచ్చారు. ఆ నమూనా నేసిన పడుగులోంచి ఇంకో ముక్క మీ దగ్గర ఉందా? ఉంటే దాన్ని ఎండ తగలకుండా దాచండి. కొరియర్ రసీదు కూడా.

అంతకంటే బలమైనది మీ ప్రశ్నలో ఒక మూలన, ఏదో మాటవరసకు చెప్పినట్టు ఉంది. ఫిబ్రవరి చివర్లో ఆయన తన ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఆఫీసు హాలు ఫొటో పెట్టారని, అందులో పరిచినవి మీ దరీలేనని రాశారు. చెల్లెమ్మా, మీ కేసులో సగం ఆ ఫొటోలోనే ఉంది. అదే చట్టం 42వ సెక్షన్ ప్రకారం సరుకు అందాక కొన్నవాడు దాన్ని తన సొంతంలా వాడుకున్నా, ఇంకొకరికి ఇచ్చినా, వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకున్నా, ఆ సరుకు స్వీకరించినట్టే లెక్క. తన కస్టమర్ హాలులో పరిచి, ఫొటో తీసి, తన పనితనమని ప్రచారం చేసుకున్న తర్వాత రంగు బాగాలేదంటే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? లోపం నిజంగా ఉంటే నష్టం మేరకు ధరలో తగ్గింపు అడగవచ్చు, అదీ ఆయనే రుజువు చేయాలి. మొత్తం బాకీ ఎగ్గొట్టే హక్కు మాత్రం రాదు.

ఆ పోస్టు ఆయన ఏ క్షణమైనా తీసేయవచ్చు. ఈ సమాధానం చదవడం ఇక్కడ ఆపి, ముందు ఆ పోస్టు తేదీతో, ఖాతా పేరుతో కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. లింకు రాసి పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లోంచి కూడా తెరిచి చూడమనండి, రేపు సాక్షి అవుతారు.

మీరు చేసిన ఒక పని నన్ను బాధపెట్టింది. మీ తప్పు అనడం లేదు, భయంలో అందరూ చేసేదే. మార్చి 7న మీరు "రంగు కొంచెం తేడా వచ్చి ఉండొచ్చు సార్, కొంత తగ్గించైనా ఇవ్వండి" అని రాశారు. మీకు అది మర్యాద. కోర్టులో అది మీ నోటితో మీరు ఒప్పుకున్న మాట. దాన్ని ఇప్పుడు డిలీట్ చేయకండి. ఆయన ఫోన్లో ఉంటుంది, మీరు చెరిపితే దాచినట్టు కనిపిస్తుంది. మీ ఉద్దేశం వివరిస్తూ ఇంకో మెసేజ్ పెట్టడమే దారి. ఇక నుంచి రాజీ మాట ఏది రాసినా మొదటి వాక్యంగా "ఇది రాజీ కోసం మాత్రమే, నా హక్కులు వదులుకోవడం లేదు, దీన్ని సాక్ష్యంగా వాడరాదు" అని పెట్టండి. అలాంటి షరతు మీద చెప్పిన మాటను సివిల్ కేసులో ఒప్పుకోలుగా వాడుకోనివ్వని రక్షణ సాక్ష్య చట్టంలో ఉంది.

"బెంగళూరులో వేసుకో" అన్నది ఉత్త బెదిరింపు. మీ మధ్య ఫలానా ఊరి కోర్టే అన్న షరతు ఎక్కడా లేదు. లేనప్పుడు, తగాదాకు కారణమైన విషయాల్లో కొంత భాగం ఎక్కడ జరిగినా అక్కడ దావా వేయవచ్చు. 1966లో సుప్రీంకోర్టు ఒక పత్తి గింజల చెక్క వ్యాపారం కేసులో, ఫోన్లో కుదిరిన బేరం ఎక్కడ జరిగినట్టు అన్న ప్రశ్న తేల్చింది. ప్రతిపాదన చేసిన వ్యక్తికి అవతలివారి అంగీకారం ఎక్కడ వినిపించిందో అక్కడే ఒప్పందం కుదిరినట్టు అని. ధర, షరతులు రాసి ప్రతిపాదన పెట్టింది మీరు. ఆయన అంగీకారం మీ ఫోన్‌కు చేరింది వరంగల్‌లో. అడ్వాన్సు పడింది వరంగల్ ఖాతాలో, సరుకు లారీ ఎక్కింది ఇక్కడే.

కానీ దావా కంటే ముందు ఇంకో తలుపు ఉంది. చిన్న సంస్థలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు ఉందా? మీరు రాయలేదు. అన్నింటికంటే నాకు కావాల్సిన జవాబు అదే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం మీలాంటి చిన్న ఉత్పత్తిదారుల బాకీల కోసం ప్రత్యేకమైన దారి వేసింది. సరుకు కొన్నవారు ఎంత గడువు రాయించుకున్నా 45 రోజులు దాటకూడదు. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే స్వీకరించినట్టు ఆ చట్టం భావిస్తుంది. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 6 వరకు లెక్కపెట్టండి, 24 రోజులు. అదీ ఫోన్లో నోటిమాట. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఈ వివాదం ఇలాంటి బాకీలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళుతుంది. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా, అమ్మినవారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం అని 18వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అంటే బెంగళూరు ఆయనే తెలంగాణ కౌన్సిల్‌కు జవాబు చెప్పుకోవాలి. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం జమ కట్టాలి. ఈ ఒక్క నిబంధన చూసే చాలామంది రాజీకి దిగివస్తారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, నా అనుభవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా మామూలు దావా కంటే మేలు. చిక్కల్లా ఒకటే. రిజిస్ట్రేషన్ సరుకు పంపక ముందే ఉండాలని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో ధర్మాసనం దీనిపై వేరే ఆలోచన చేసి, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. ఆ వెసులుబాటు వస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఇవాళే చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, రుసుము లేదు. ఈ ఆర్డర్‌కు పనికొచ్చినా రాకపోయినా వచ్చే ఆర్డర్‌కు పనికొస్తుంది. మీ నాన్నగారికి, ఆ నాలుగు మగ్గాల వాళ్లకూ చెప్పండి. 2018లో వరంగల్ దరీలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు కొత్తవాడ అంతా సంబరపడ్డాం. పేరుకు రక్షణ వచ్చింది సరే, ఆ పేరు మీద అమ్మిన సరుకు డబ్బు చేతికి రావడానికి ఈ రిజిస్ట్రేషన్ కూడా అంతే అవసరం.

ఆయన మీద ఒత్తిడికి ఇంకో మార్గం కూడా ఉంది. చిన్న, సూక్ష్మ సంస్థలకు గడువులోగా డబ్బు కట్టకపోతే, కట్టేదాకా ఆ కొనుగోలును ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదని 2023లో చట్టం మార్చారు. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే నోటీసులో ఈ మాట రాయించండి, ఆయన ఆడిటర్ ఆయనకు వివరిస్తారు. జీఎస్టీ బిల్లు ఇచ్చి ఉంటే, ఆయన ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారా అన్నదీ అడిగించాలి. సరుకు బాగాలేదంటూనే దాని మీద పన్ను లాభం తీసుకుని ఉంటే ఆయన మాటకు విలువ ఉండదు.

పోలీసు కేసు పెట్టమని మీ బంధువులు అంటున్నారన్నారు. మోసం కేసు నిలవాలంటే, ఆర్డర్ ఇచ్చిన రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. 50,000 అడ్వాన్సు ఇచ్చిన మనిషి విషయంలో అది కష్టం. ఇది సివిల్ బాకీ. దొంగ పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు తీసుకుపోతే సంగతి వేరు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు అన్నింటికంటే నేను పట్టుబట్టి చెప్పే విషయానికి వస్తాను. మీ ఫోన్.

2019లో కరీంనగర్ వైపు నుంచి ఒక గ్రానైట్ వ్యాపారి నా దగ్గరికి వచ్చారు. బాకీ 9 లక్షల పైచిలుకు. ఆర్డర్, ధర, "వచ్చే నెల కడతా" అన్న మాట, అన్నీ వాట్సాప్‌లోనే. కానీ ఆయన పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది కొనుక్కున్నారు, బ్యాకప్ లేదు. మిగిలింది కొడుకు ఫోన్‌కు ఎప్పుడో పంపుకున్న ఆరు స్క్రీన్‌షాట్లు. అవతలి పక్షం "ఇవి మావి కావు, తయారుచేసినవి" అంది. స్క్రీన్‌షాట్ తయారుచేయడం ఎంత సులువో జడ్జిగారికీ తెలుసు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన అప్పటి 65బి సర్టిఫికెట్ ఇద్దామంటే, ఏ పరికరం గురించి ఇవ్వాలి? ఆ పరికరమే లేదు. దాదాపు మూడేళ్లు వాయిదాలు తిరిగి, సగం కంటే తక్కువకు రాజీ పడ్డారు. ఆయన ఆ రోజు అదాలత్ మెట్లు దిగుతున్నప్పుడు నా దగ్గర చెప్పడానికి మాట లేకపోయింది. ఫోన్ మార్చే ముందు ఒక్క సలహా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 65బి పోయి 63వ సెక్షన్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో పెడితే దానితో సర్టిఫికెట్ జతచేయాలి. ఇందులో రెండు భాగాలు. ఒకటి ఫోన్ మీదే, మీరే వాడుతున్నారని మీరు ఇచ్చేది. రెండోది నిపుణుడు ఇచ్చేది. రెండింటిలోనూ ఆ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. ఇదంతా చూసి టెన్షన్ పడకండి, వకీలు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఫోన్‌ను కాపాడటం. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో, యజమాని అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి బోనెక్కి రుజువు చేస్తే సర్టిఫికెట్ అవసరం ఉండదని సుప్రీంకోర్టు అంది. పాత చట్టం కింద చెప్పిన మాటే అయినా, అసలు ఫోన్ ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. నేనైతే ఫోన్, సర్టిఫికెట్ రెండూ సిద్ధం చేయిస్తాను.

కాబట్టి కేసు ముగిసేదాకా ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. వాట్సాప్‌లో ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, ఫొటోలతో సహా మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఆ చాట్‌లో మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. ఆయన నంబరును బ్లాక్ చేయకండి, ఆయన కోపంలో రాసే ప్రతి మాటా మీకు ఉపయోగమే. లారీ ఆఫీసు ఇచ్చిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ, ఈ-వే బిల్లు, సరుకు అందినట్టు సంతకం ఉన్న కాగితం, మీ ఇన్వాయిస్, అన్నీ ఒక కవర్లో పెట్టండి. మార్చి 6 నాటి ఫోన్ కాల్ గురించి ఇవాళే ఒక మెసేజ్ రాయండి: "మార్చి 6న ఫోన్లో మీరు రంగు కారణంగా 1,18,000 ఇవ్వనన్నారు. ఫిబ్రవరి 10న సరుకు అందిన తర్వాత అప్పటివరకు ఎలాంటి అభ్యంతరం చెప్పలేదు. సరుకు మీరు వాడుకుంటున్నారు." ఆయన జవాబివ్వకపోయినా పరవాలేదు. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ, పెట్టేసిన వెంటనే "ఇప్పుడు మనం అనుకున్నట్టు" అని ఒక మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోండి. గాలిలో కలిసిపోయే మాటకు అలా ఒక తేదీ, సమయం దొరుకుతాయి.

ఇకముందు ఆర్డర్లకు పది పేజీల అగ్రిమెంట్ అక్కర్లేదు. సరుకు పంపే ముందు ఒకే మెసేజ్‌లో అన్నీ పెట్టండి. ఇలా: "కొరియర్‌లో పంపిన నమూనా ప్రకారం 4x6 దరీలు 80, ఒక్కోటి 2,100, మొత్తం 1,68,000, పన్ను, రవాణా అదనం. అడ్వాన్సు 50,000. మిగతాది సరుకు అందిన 10 రోజుల్లో. చేనేత కాబట్టి రంగులో స్వల్ప తేడా సహజం. అభ్యంతరం ఉంటే అందిన 5 రోజుల్లో ఫొటోలతో రాయాలి, వాడిన సరుకు వాపసు తీసుకోం. ఆలస్యమైతే వడ్డీ. వివాదాలు వరంగల్ పరిధిలో. ఒప్పుకుంటే 'ఒప్పుకున్నాను' అని రాసి మీ సంస్థ పూర్తి పేరు, జీఎస్టీ నంబరు పంపండి." అది వచ్చేదాకా పడుగు వేయకండి. పెద్ద ఆర్డర్ అయితే పీడీఎఫ్ చేసి ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయించుకోవచ్చు, దానికి చట్టంలో గుర్తింపు ఉంది. మా చిన్నప్పుడు జంపఖానా కొనేవాళ్లు అంగడిలోనే పరిచి, తిరగేసి చూసుకుని తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు చూడకుండా కొంటున్నారు కాబట్టి, ఆ చూసుకునే పని ఎప్పటిలోగా చేయాలో మీరు రాయాల్సి వస్తోంది.

పెద్ద ఆన్‌లైన్ సంతల్లో అమ్మకందారుగా చేరాలనుకుంటున్నారు కదా, అక్కడ షరతులు వాళ్లవి. మీరు మార్చలేరు. కానీ "అగ్రీ" నొక్కే ముందు డబ్బు ఎన్ని రోజులకు వేస్తారు, వాపసు వచ్చిన సరుకు ఖర్చు ఎవరిది, తగాదా వస్తే ఏ ఊళ్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), షరతులు వాళ్లంతట వాళ్లే మార్చుకోవచ్చా అన్నవి మాత్రం వెతికి చదవండి. వ్యాపారికీ వ్యాపారికీ మధ్య అయితే ఆ ఊరి షరతును కోర్టులు సాధారణంగా గౌరవిస్తాయి.

కొనుగోలుదారుగా మీ పరిస్థితి వేరు. ప్రింటర్ విషయానికి వస్తే, "నో రిటర్న్" అన్న మాట పాడైన వస్తువుకు వర్తించదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైట్‌కు గ్రీవెన్స్ అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ముందు అక్కడ రాయండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, సైట్ షరతుల్లో ఏ నగరం పేరున్నా సరే. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోగా వేయాలి. "వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు" అని వాళ్లు అనవచ్చు. సొంత కష్టంతో బతుకుదెరువు కోసమే వాడుకునే వస్తువుకు ఆ మినహాయింపు వర్తించదని చట్టంలోనే వివరణ ఉంది. మీరు స్వయంగా లేబుళ్లు వేసుకుంటున్నారని ఫిర్యాదులోనే రాయండి. ఇదే నియమాలు మీ దగ్గర విడిగా దరీ కొనే కస్టమర్లకూ రక్షణే. మీ పేజీలో పూర్తి పేరు, చిరునామా, మొత్తం ధర, వాపసు పద్ధతి రాసి పెట్టండి.

వకీలు ఫీజు ఎలా అని సంకోచిస్తున్నారు. న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. కేసు వేయకముందే రాజీకి పిలిపించమని వాళ్లను అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, ఆయన తర్వాత మాట మార్చలేరు. కౌన్సిల్ దారి కుదరక దావాయే వేయాల్సి వస్తే, బాకీ కట్టాల్సిన తేదీ నుంచి మూడేళ్ల గడువు ఉంది. అంత ఆగాల్సిన పని లేదు.

ఆ న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఫోన్, ఛార్జర్, నమూనా ముక్క, ఆ కవరు తీసుకెళ్లండి. చాట్ ప్రింటు తీయించి, మీ ప్రతిపాదన, ఆయన ఎమోజీ, 50,000 పడిన మెసేజ్ ఉన్న పేజీలకు గుర్తు పెట్టండి. లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ, అదే వాట్సాప్ చాట్‌లోనూ పంపించమని వాళ్లకు చెప్పండి, 15 రోజుల గడువుతో. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ఉంటే దాని మీద తేదీ ఏమిటో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి నోటీసులో ఏ చట్టం ముందు పెట్టాలో చెబుతాను.